ఆఖరి చెయ్యి

నదిలో పంటు, పంటు మీద కారు, కారులో నేను. పంటు కదలదు కాబట్టి కారు కదలదు, కారు కదలదు కాబట్టి నేను కదలను, దిగమంటే దిగను. యానాం రేవులో ఎక్కేటప్పుడే సరంగు గంగయ్య నీళ్ళ వంక చూసి బుర్ర గోక్కున్నాడు, పాటొచ్చి నీళ్ళు బాగా తీసేసిందండి, ఇసుక మేట తగులుద్దేమోనండి అన్నాడు, మా ప్రభాకరరావు వాచీ చూసుకుని పోనివ్వవయ్యా అన్నాడు, పోనిచ్చాడు, సరిగ్గా గోదారి నడిమధ్యకి వచ్చేసరికి పంటు అడుగున ఎవరో చాటలో రాళ్ళు చెరిగినట్టు గరగరమని చప్పుడైంది, ఇంక అంతే, చంటిపిల్ల మొండికేసి నేల మీద కూలబడ్డట్టు కూర్చుంది. సైకిళ్ళవాళ్ళు దిగారు, గేదెని తోలుకొచ్చినాయన గేదెతో సహా దిగాడు, మా కోడలు సరోజిని చెప్పులు చేత పట్టుకుని దిగింది, మనవరాలు సలోమి అయితే ఎవరూ చెప్పకముందే గెంతింది. నీళ్ళు తీసేసి బయటపడ్డ మేట మీద అందరూ నిలబడ్డారు, గోదారి మధ్యలో సంత పెట్టినట్టు. బరువు తగ్గాలి మామ్మగారూ, చెయ్యిస్తాను దిగండి అన్నాడు గంగయ్య. నా బరువెంతయ్యా, ఇందాక దింపేవే ఆ గేదె, దాని తోకంత ఉంటానా అన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు. నా కొడుకు నవ్వలేదు.

ఎందుకు దిగనంటే, దిగితే వాడు కారు వెనక్కి తిప్పిస్తాడు. నాకు తెలుసు వాడి సంగతి. కాకినాడలో బయల్దేరినప్పటి నుంచీ వాడికి ఈ ప్రయాణం మీద కన్నా ఈ కారు మీద ధ్యాస ఎక్కువ. రెండో చేతిదే అయినా కొని నాలుగు నెలలు కాలేదు, దానికి మొక్కజొన్న పొత్తు రంగు వేయించాడు, ఉప్పునీళ్ళు తగిలితే ఇనుము తినేస్తుందమ్మా అని దారి పొడుగునా అంటూనే ఉన్నాడు. ఉప్పునీళ్ళు తాగి పెరిగిన మనిషి నువ్వు, నిన్నేం తినేసిందిరా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను. అన్నిటికీ మాట విసరకూడదు, కొన్ని దాచుకోవాలి, ముందు దారుంది.

ఇవాళ మాఘ పున్నమి. ఇవాళ సాయంత్రం పోటుకి పెదతిప్పలో నా నేస్తం వీరమ్మ కట్టించిన కొత్త నావ నీళ్ళు చూడాలి. కాట్రేనికోన దాటి, ఉప్పుటేరు దాటి, ఇంక దాటడానికి సముద్రం తప్ప ఏమీ మిగలని చోట ఉంటుంది మా పెదతిప్ప. మ్యాపులో ఉందో లేదో నాకు తెలియదు, నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని, మ్యాపులు చూడను. ఒకప్పుడు అక్కడ కొబ్బరి ఎత్తే పడవలు ఒకదాని వెనక ఒకటి నిలబడేవి, శనివారం సంత, దొరల బంగళా, వీధి దీపాలు ఏడో ఎనిమిదో, మాకు అదే పట్నం. అక్కడ ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేశాను. మా ఆయన సాలమోను గారు అక్కడి ఏసయ్య గుడికి ఉపదేశి, నేను ఉపదేశమ్మని. ఎమర్జెన్సీ ఏడాది ఆయన పోయారు, మా వాడు నన్ను కాకినాడ తీసుకొచ్చేశాడు, మళ్ళీ ఇవాళే. అమ్మ పెదతిప్ప చూసి చాలా కాలమైంది, ఒకసారి తిప్పి తీసుకొద్దాం అని మా వాడు ఇంట్లో అంటుంటే విన్నాను. వాడు చూడ్డానికి వెళ్తున్నాడు. నేను పనిమీద వెళ్తున్నాను. ఆ సంగతి వాడికి చెప్పాను, చెప్పినా మనసులోకి దిగలేదు. మా వీధికి చేపలు తెచ్చే బుచ్చమ్మ పెదతిప్ప మనిషే, సంక్రాంతి వెళ్ళాక గంప దించుతూ చెప్పింది: "వీరమ్మొదిన చెప్పమందండి. మనవడు ముత్తేలరాజుకి నావ కట్టించిందంట. మాగ పున్నమికి నీళ్ళు సూపించాలంట. మీ సెయ్యి పడాలంట. మీరు రాకపోతే నావ కదలదని సెప్పేసింది, ఆయ్." వస్తానని చెప్పవే, ఆగమను అన్నాను. గంపలో ఉన్న పండుగొప్పని బేరం కూడా ఆడకుండా తీసేసుకున్నాను ఆ సంతోషంలో, సరోజిని చూసి ఈవిడకేమైందని అనుకుని ఉంటుంది.

అదీ నా చిక్కు. వీరమ్మ ఆగదని కాదు, ఆగుతుందని. ఆ మనిషి మాటంటే మాటే. పున్నమి పోటు గట్టు పైదాకా వస్తుంది, మామూలు పోటు అక్కడిదాకా రాదు. ఇవాళ తప్పితే మళ్ళీ అమావాస్యకే. కొత్త నావ పదిహేను రోజులు ఎండలో నిలబడితే చెక్క విచ్చుకుంటుంది, అతుకులు నోళ్ళు తెరుస్తాయి, కూరిన నార ఊడి వస్తుంది, మొదటి రోజే నీళ్ళు తాగిన నావని ఆ ఊళ్ళో ఎవరూ నమ్మరు. నేను రాలేదని ఆ మొండిది గట్టు మీద నావకి అడ్డంగా కూర్చుంటే ఆ కుర్రాడి గతేం కాను? అలాగని నేను లేకుండా దింపేసిందనుకో, మంచిదే, నావకి మంచిదే, కానీ నా గుండెల్లో ఎక్కడో ఒక ముల్లు గుచ్చుకుంటుంది, అబద్ధం ఎందుకు. ఆగితే నావకి చేటు, ఆగకపోతే నాకు కష్టం. దేవా, ఈ రెండిట్లో ఏది జరగమని ప్రార్థన చెయ్యను? సరే, నేను చేరుకోవాలి, అదొక్కటే చెయ్యగలిగిన ప్రార్థన. ఆ చేరుకోవడం దగ్గరే ఉంది తిరకాసు. పోటు వస్తే గాని ఈ పంటు లేవదు. పోటు వస్తే అక్కడ ఉప్పుటేరు మీద చప్టా మునిగిపోతుంది, కారు వెళ్ళదు. పోటు వస్తే అక్కడ నావ తేలుతుంది. ఒకటే నీరు, ఇక్కడ నన్ను లేపుతుంది, అక్కడ నా దారి మింగుతుంది, ఆ అవతల వీరమ్మ నావని ఎత్తుకుంటుంది. అందరికీ అమ్మే, అందరినీ ఒక్కసారి చంకనెత్తుకోలేదు, అంతే.

కారులో ఎండ మూతపెట్టిన గిన్నెలో ఆవిరిలా ఉంది. సీటు మీద రెక్సిను వాసన, పెట్రోలు వాసన, సరోజిని దారిలో వలిచిన నారింజ తొక్కల వాసన, వీటన్నిటి కింద నా సంచీలోంచి సన్నగా లంక పొగాకు వాసన. సంచీలో బైబిలు, దాని కింద ఉతికిన చీర, దాని కింద కాజాలు, అన్నిటికీ అడుగున లంక చుట్టల కట్ట. వీరమ్మకి. అది అడ్డపొగ మనిషి, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది, సముద్రపు గాలికి నిప్పు ఆరకుండా ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అదే అలవాటు. మొదటిసారి చూసినప్పుడు నేను కెవ్వుమన్నాను. రాజోలు దగ్గర చేలల్లో పెరిగినదాన్ని, మా అయ్యా అమ్మా కూలికి వెళ్ళే చేలు, సముద్రం ఎప్పుడూ చూడలేదు, పెళ్ళయిన నెలకే ఈయన వెంట ఆ ఊరు వచ్చి, గుడి వెనక పాకలో ట్రంకుపెట్టె దించి, నీళ్ళ కోసం బిందె పట్టుకుని బయటికి వస్తే ఎదురుగా ఒక పొడుగాటి నల్లటి పిల్ల, నా ఈడుదే, మండుతున్న చుట్టని గబుక్కున తిరగేసి నిప్పుని నోట్లో పెట్టేసుకుంది. అయ్యో అయ్యో అని దాని చెయ్యి పట్టుకుని లాగాను. అది నన్ను ఎగాదిగా చూసి, "ఉపదేశమ్మగారూ, నిప్పు నా నోట్లో ఉంటే మీకెందుకండీ మంట?" అంది. తర్వాత ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటే దాని నోట్లోంచి పొగ వచ్చింది. ఆ నవ్వు నాటి నుంచి నాకు తోడబుట్టినదానికన్నా ఎక్కువైంది. ఉపదేశమ్మగారూ అన్నది ఏడాది తిరిగేసరికి వదినా అయింది, అండీ ఎక్కడికి పోయిందో ఇద్దరికీ గుర్తులేదు.

"అత్తయ్యగారూ, మజ్జిగ తాగండి, చెమటలు పోస్తున్నాయి" అని సరోజిని కిటికీలోంచి గ్లాసు అందించింది. మంచి పిల్ల. కారెక్కితే వాంతులు, అయినా ఎక్కింది నా కోసం. "ఆయన చాలా చిరాగ్గా ఉన్నారండీ, పంటు లేవగానే వెనక్కే అంటున్నారు" అంది గుసగుసగా. చూశానులేమ్మా, వాడు చిరాగ్గా ఉన్నప్పుడు ఎడం చెవి పట్టుకుంటాడు, పుట్టినప్పటి నుంచీ అంతే అన్నాను. మజ్జిగలో అల్లం ఘాటు. ఆ ఘాటుకి కళ్ళు మూసుకుంటే ఇసుక, తెల్లటి ఎండ, దుంగల మీద నల్లగా ఒక నావ.

అదీ మాఘ పున్నమే. నేను కాపురానికి వచ్చిన రెండో నెల. వీరమ్మ మామగారి నావ నీళ్ళలో దింపుతున్నారు. ముక్కుకి పసుపు, కుంకం, వేపమండలు, గంగమ్మకి కోడి. ఈయన పొద్దున్నే చెప్పారు, ఎలీసమ్మా, అటు వెళ్ళకు, అది మన పద్ధతి కాదు అని. ఆయ్ అలాగేనండి అన్నాను, వెళ్ళకూడదనే అనుకున్నాను కూడా. కానీ ఆ ఊళ్ళో మంచినీళ్ళ గుంట అటే ఉంది, అది నా తప్పా? బిందె నింపుకుని వస్తుంటే చూశాను, నావ సగం దూరం వచ్చి ఇసుకలో కూరుకుపోయింది. ఊరు ఊరంతా తోస్తోంది. మగాళ్ళ మెడల మీద నరాలు తాళ్ళలా లేచాయి. కదలడం లేదు. పోటు వచ్చి ముక్కుని తాకి, ఇంక తీయబోతోంది. ఎవరో ఏడుపు గొంతుతో అరుస్తున్నారు, వచ్చేస్తందిరా పాటు, వచ్చేస్తందిరా అని. అప్పుడు నేను దేవుడి గురించీ ఆలోచించలేదు, మా ఆయన గురించీ ఆలోచించలేదు. బురదలో బండి దిగబడితే వెళ్ళి భుజం వేసే చేలలో పుట్టినదాన్ని, చేతులు వాటంతట అవే వెళ్తాయి. బిందె ఇసుకలో పెట్టి వెళ్ళి, జాగా లేకపోతే వీరమ్మ చంక కిందనుంచి దూరి, ఒక్క చెయ్యి వేశాను. కదిలింది! తడి చెక్క నా అరచేతి కింద నుంచి జారి వెళ్ళిపోయింది, గేదె వీపు మీద చెయ్యి వేస్తే అది లేచి నడిచి వెళ్ళిపోయినట్టు. ఆ జారడం ఇప్పటికీ నా చేతిలో ఉంది, ఇదిగో, ఈ చెయ్యే, ఇప్పుడు ముడతలు పడింది గాని.

నావ తేలగానే వాళ్ళ పద్ధతి ఒకటుంది. ఇంట్లో పెద్దావిడ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి అడుగుతుంది, ఎవురి సెయ్యి ఆఖర్ని పడింది? అని. నావని కదిలించేది ఊరంతా అయినా, ఆ ఆఖరి చెయ్యి పడ్డాకే కదిలింది కాబట్టి, ఆ మనిషి నావకి చుట్టం. ఏటా మాఘ పున్నమికి ఆ చెయ్యి వచ్చి నావని తాకాలి, అప్పుడే ఆ ఏటి వేట. వీరమ్మ అత్తగారు అడిగింది. అందరూ నా వంక చూశారు. కొత్త ఉపదేశమ్మ, కుడిచేతి నిండా నావకి పూసిన పసుపు. ఇంటికి వెళ్ళేసరికి నా కన్నా ముందు ఆ కబురు వెళ్ళింది. ఈయన అరుగు మీద కూర్చుని నా చెయ్యి వంక చూసి, "ఎలీసమ్మా, అప్పుడే గంగమ్మకి పూజారిణివైపోయేవా?" అన్నారు. "తోసేనండి, మొక్కలేదు" అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. ఆయన ఏదైనా నిజాయితీగా ఆలోచించే మనిషి, అందుకే ఆయనంటే నాకు భయం ఉండేది కాదు. చివరికి, "తోయడం తప్పని ఎక్కడా రాసిలేదనుకుంటాను" అన్నారు. ఏడేళ్ళ తర్వాత తుఫాను ఏడాది, లంకలో చిక్కుకున్న జనాన్ని తీసుకురావడానికి ఆ నావే వెళ్ళింది, ఈయనే ముందు ఎక్కి కూర్చున్నారు, రాత్రంతా తిరిగి అందరినీ తీసుకొచ్చారు, ఒక్కరు పోలేదు. ఆ మాఘ పున్నమికి నేను వెళ్ళాలా వద్దా అని గుమ్మంలో తటపటాయిస్తుంటే, "చేతులు కడుక్కుని వెళ్ళు, చింతపండు పులుసు వాసనొస్తోంది" అన్నారు, పుస్తకంలోంచి తల ఎత్తకుండా. అంతకన్నా అనుమతి ఏ భర్త ఇస్తాడు? ఆ నావ తాడు పట్టుకునే మా ప్రభాకరం ఈత నేర్చుకున్నాడు. వీరమ్మ వాడి మొల పట్టుకుని నీళ్ళలోకి విసిరేది, వాడు కుక్కపిల్లలా మునిగి లేచి తాడు అందుకుని, అత్తా మళ్ళీ, అత్తా మళ్ళీ అని అరిచేవాడు. ఇప్పుడు ఆ ప్రభాకరమే అరికాలు తడవకుండా పంటు చివర నిలబడి ఎడం చెవి పట్టుకున్నాడు. అవుననడానికి మా వైపు అనే ఆయ్ కూడా వాడి మాటలోంచి పోయింది. ఆఫీసులో పైవాళ్ళు నవ్వుతారట. ఇప్పుడు దేనికైనా ఓకే అంటాడు.

గుర్రపుడెక్క గుబురొకటి సముద్రం వైపు కొట్టుకుపోతుంటే చాలాసేపటి నుంచి చూస్తున్నాను. మొదట వడిగా వెళ్ళింది, తర్వాత మెల్లిగా, తర్వాత దారి మర్చిపోయినదానిలా మేట పక్కన ఆగింది. గాలి కూడా ఆగింది. అక్కడెక్కడో గేదె ముక్కుతో చీదిన శబ్దం, సైకిలు బెల్లు ఎవరో ఊరికే నొక్కిన శబ్దం, అంతే. గోదారి అలా ఊపిరి బిగపట్టడం నాకు తెలుసు, పాకలో పడుకుని వినేదాన్ని, అలల చప్పుడు ఒక్కసారి తగ్గిపోతే నిద్రలోనే తెలిసేది. ఈయన పోయిన రోజూ అంతే, అలల చప్పుడు తగ్గింది, లేచి చూశాను. ఆయన మీద మట్టి వేసేటప్పుడు వీరమ్మ తన చుట్ట ఆర్పేసి గుడి వాకిట్లో దూరంగా నిలబడింది, రావే అంటే, ఆయనకి ఈ కంపు పడదు గదా వదినా అంది. అది ఏడ్వడం ఆ ఒక్కసారే చూశాను.

"నాన్నమ్మా! ఆ డెక్క వెనక్కొస్తోంది!" అని సలోమి మేట మీద నుంచి అరిచింది. అందరికన్నా ముందు అదే చూసింది. చూశావా, రక్తం ఎక్కడికి పోతుంది. డెక్క నిజంగానే ఇటు తిరిగింది, ఎవరో పిలిస్తే వచ్చినట్టు. మేట మీద జనం కాళ్ళ చుట్టూ నీళ్ళు మూగాయి, గేదె ముందుగా బుద్ధి తెచ్చుకుని పంటు దగ్గరికి వచ్చేసింది. గెడలు వేశారు. గంగయ్య, ఒక్కసారి, ఇంకొక్కసారి అంటున్నాడు. అడుగున గరగర, తర్వాత ఏమీ లేదు, ఆ ఏమీ లేకపోవడమే తేలడం, కారు సీటు కింద నుంచి నాకు తెలిసింది. అందరూ ఎక్కారు. అప్పుడు గంగయ్య వచ్చి మా వాడిని అడిగాడు, "ఎటు పోనివ్వమంటారండీ? యానాం రేవా, అవతల గట్టు ఎదుర్లంకా? మీరు ఇందాక వెనక్కన్నారు."

"వెనక్కే" అన్నాడు ప్రభాకరం. అని నా దగ్గరికి వచ్చి కిటికీ మీద చెయ్యి వేసి, "అమ్మా, నా మాట విను. మనం వెళ్ళేసరికి చీకటి పడుతుంది. చప్టా మునిగిపోతుంది. పిల్లా, ఆడవాళ్ళూ ఉన్నారు. వచ్చే ఆదివారం తీసుకొస్తాను" అన్నాడు. "వచ్చే ఆదివారం దాకా పున్నమి ఆగుతుందేంట్రా?" అన్నాను. "ఆవిడ దింపేసి ఉంటుందమ్మా. పదేళ్ళయింది మనం వచ్చేసి. ఎవరి పనులు వాళ్ళకుంటాయి" అన్నాడు. ఆ మాట ముల్లు ఉన్న చోటే తగిలింది, వాడికి తెలియక తగిలించాడు. నేను గొంతు సవరించుకున్నాను. "సరే, తిప్పించు. కానీ చెబుతున్నాను విను, ఈ కారు నేను యానాం రేవులో దిగను, కాకినాడలో మన ఇంటి ముందూ దిగను. ఇందులోనే ఉంటాను. పొద్దున నువ్వు ఆఫీసుకి వెళ్తే నీతో వస్తాను, మీ ఆఫీసరు అడిగితే మా అమ్మండీ, కారులో ఉంటుందండీ అని చెప్పుకో" అన్నాను. గేదె ఆయన పకపకా నవ్వాడు. సరోజిని కొంగు నోట్లో కుక్కుకుంది. వాడి పెదవి చివర కూడా వణికింది గాని పట్టు వదల్లేదు. అప్పుడు సలోమి, తడిసిన గౌను పిండుకుంటూ, చాలా మామూలుగా అడిగింది: "నాన్నా, నువ్వు ఈత నేర్చుకున్న నావ ఇదేనా?" "అది పాతది, మేం ఊరు వదలకముందే విప్పేశారు" అన్నాడు. "ఇది కొత్తదా? అయితే దీని తాడు ఎవరూ పట్టుకోలేదా ఇంకా?" అంది. గాలి మారింది, సముద్రం వైపు నుంచి వచ్చింది, ఉప్పు, నాచు, ఎండు చేప కలిసిన గాలి, నా ముక్కుకి తగిలిందంటే వాడి ముక్కుకీ తగిలే ఉంటుంది. చెవి మీద నుంచి చెయ్యి తీశాడు. "ఎదుర్లంకకే పోనియ్యండి" అన్నాడు గంగయ్యతో.

తర్వాతంతా దారి. మురమళ్ళ, ముమ్మిడివరం, కాలవ గట్టు, కాలవలో కొబ్బరాకుల నీడలు, కారు పక్కనే పరుగెత్తి అలిసిపోయి వెనకబడే ఎర్రటి సూర్యుడు. నేను మాట్లాడలేదు. మాట్లాడకుండా ఇంత దారి నేను వెళ్ళడం ఇదే మొదలు, సరోజిని రెండుసార్లు ఒంట్లో బాగుందా అని అడిగింది. కాట్రేనికోన దాటేసరికి దీపాలు పెట్టారు. ఇక్కడో జీడిమామిడి తోపుండేది, లేదు. ఇక్కడో మలుపుండేది, ఉంది. మలుపు తిరగ్గానే వాడు బ్రేకు వేశాడు. లైట్ల వెలుతురులో రోడ్డు కొంతదూరం వెళ్ళి నీళ్ళలోకి దిగిపోయింది, మెట్లు దిగి చెరువులోకి వెళ్ళినట్టు మర్యాదగా. చప్టా లేదు. ఉప్పుటేరు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకటే తళుకు. అవతల కొబ్బరితోపుల వెనకనుంచి పున్నమి చంద్రుడు లేచాడు, ఎంత పెద్దవాడు, ఎంత ఆలస్యంగా రావచ్చో తెలిసినవాడిలా తీరిగ్గా. నా కొడుకు నేను చెప్పలేదా అని అనలేదు, అది వాడి మంచితనం. ఇంజను ఆపాడు. నేను కారు తలుపు తీసి దిగాను. కాకినాడ తర్వాత మొదటిసారి నేల మీద కాలు పెట్టడం. నీళ్ళ అంచు దాకా వెళ్ళి నిలబడ్డాను. ఈ పాటికి తేలి ఉండాలి. లేదా ఆ మొండిది గట్టు మీద కూర్చుని ఉండాలి. దింపెయ్యవే, దింపెయ్యవే వీరమ్మా, నా కోసం ఆగకు, ముల్లు నాది, నేను పడతాను. ఆ మాట పూర్తిగా మనసులోంచే వచ్చింది, నాకే ఆశ్చర్యం వేసింది.

అప్పుడు వాసన వచ్చింది. చుట్ట వాసన. చుట్టూ చూశాను, ఎక్కడా నిప్పు లేదు. నీళ్ళ మీద నల్లగా ఏదో కదులుతోంది, తెడ్ల చప్పుడు, మగాళ్ళ మాటలు, అయినా నిప్పు రవ్వ కనబడదు. కనబడదు మరి, నోట్లో ఉంటుంది! "వీరమ్మా!" అని అరిచాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అరవకే వదినా, సేపలు బెదురుతాయి!" అని నీళ్ళ మీద నుంచి జవాబు. వెన్నెల్లోకి వచ్చింది నావ. కొత్త చెక్క, కొత్త తారు, ముక్కుకి పసుపు. ముక్కు దగ్గర నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ మనిషి, పొడుగు కాస్త వంగింది, అంతే. "దింపేసేవా?" అన్నాను. "దింపకేం? నీళ్ళు నా కోసం ఆగుతాయా, నీ కోసం ఆగుతాయా? సప్టా మునిగిపోద్ది, కారు ఇక్కడే ఆగిపోద్ది, మా వదిన గట్టు మీద నిలబడి తిడతాది అనుకున్నాను. అందుకే దింపేను. సముద్రం కేసి తిప్పలేదు, అడుగు ముత్తేలరాజుని. నీటిలో పడ్డాక దీని మొదటి పని నిన్ను తీసుకెళ్ళటమే." వాళ్ళ మనవడు తల ఊపాడు. "మరి ఆఖరి చెయ్యి?" అన్నాను, అడగకుండా ఉండలేకపోయాను. "ఎవురిదీ లెక్కెట్టలేదు. తాళ్ళేసి లాగించేను. తోసింది లేదు." ఆ మనిషి తెలివి చూడు.

కారుని గట్టు మీద మెరకలో ఆపి తాళం వేశాడు మా వాడు, ఒకసారి దాని వంక చూసుకున్నాడు, తర్వాత చూడలేదు. సరోజినిని, సంచీని నావలోకి ఎక్కించారు. ఆ బరువుకి నావ ముక్కు గట్టు బురదలో ఇరుక్కుంది. ముత్యాలరాజు గెడ వేశాడు, కదల్లేదు. అదిగో, నాకు జాగా దొరికింది. చీర కుచ్చెళ్ళు దోపుకుని నీళ్ళలోకి దిగి, పసుపు పక్కన అరచెయ్యి వేశాను. తడి చెక్క, చల్లగా, ముక్కుపచ్చలారని చెక్క. తోశాను. నా పక్కన వచ్చి ఇంకో చెయ్యి పడింది, నా కొడుకుది, పాంటు మోకాళ్ళ పైదాకా నీళ్ళలో ఉంది, ఉప్పునీళ్ళలో. తోశాం. కొద్దిగా కదిలినట్టే కదిలి ఆగింది. ఇంకోసారి ఊపిరి తీసుకున్నాను, నాకు తెలుసు, ఈసారి వెళ్తుంది, ఇది నా చెయ్యి. అంతలో నా చంక కిందనుంచి ఏదో దూరింది, తడి గౌను, చిన్న మోచెయ్యి, "జరుగు నాన్నమ్మా" అని. చిన్న అరచెయ్యి చెక్క మీద టప్పుమని పడింది. నావ జారింది. అదే జారడం. గేదె లేచి నడిచి వెళ్ళినట్టు.

వీరమ్మ నోట్లోంచి చుట్ట తీసి అటు తిరిగి ఉమ్మి, వాళ్ళ అత్తగారు అడిగినట్టే గొంతు పెద్దది చేసి అడిగింది: "ఎవురి సెయ్యి ఆఖర్ని పడింది?"

నాదే అని చెప్పడానికి నోరు తెరిచాను. అంత దూరం వచ్చింది దాని కోసమే గదా. తెరిచిన నోటితోనే సలోమి వంక చూశాను. చేతి నిండా పసుపు, ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక గాల్లో పట్టుకుని నిలబడింది. నవ్వు వచ్చేసింది నాకు. "ఈ పిల్లదే" అన్నాను. "ఆయన మనవరాలు. సలోమి."

వీరమ్మ వంగి దాని చెయ్యి వెన్నెల్లోకి తిప్పి చూసింది. "సిన్నదే గాని బాగానే ఉంది. ఒసేయ్ పిల్లా, ఏటా మాగ పున్నమికి రావాల. పంటు ఆగిపోయింది, బళ్ళో పరీచ్చ, నాన్నకి సెలవ లేదు, ఇయ్యేమీ నాకు సెప్పకూడదు. తెలిసిందా? ఏరా పెబాకరం, తీసుకొస్తావా?"

మొలలోతు నీళ్ళలో, నావ తాడు గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నాడు నా కొడుకు. ఎప్పుడు పట్టుకున్నాడో నేను చూడలేదు.

"ఆయ్" అన్నాడు. "తీసుకొస్తానత్తా."